స్టోరేజ్ అర్రేల సత్తా తేల్చడానికి ఫియో: ఏళ్ల తరబడి వాడాక

స్టోరేజ్ అర్రే (చాలా డిస్కులను కలిపి వాడే పెట్టె) అమ్మేవాళ్లు చూపించే ఐఆప్స్ (సెకనుకు ఎన్ని రీడ్లు, రైట్లు) అంకె చాలాసార్లు క్యాష్ మెమరీది, డిస్కులది కాదు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా డేటా సెంటర్‌కి డెమో అర్రే వచ్చినప్పుడల్లా ఆ అంకె నిగ్గు తేల్చేది ఫియోతోనే. డిస్కుల మీద రీడ్, రైట్ల భారం వేసి వేగం కొలిచే ఈ టూల్‌ని రాసింది జెన్స్ ఆక్స్‌బో, ఇది ఉచితం. డిఫాల్ట్ సెట్టింగులతో నడిపితే మాత్రం నిలువునా ముంచుతుంది.

ఫియో తెరవకముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. 10,000 ఆర్‌పీఎం డిస్కుకి 140 ఐఆప్స్ చొప్పున 24 డిస్కులకు 3,360. డేటాబేస్‌లో 70 శాతం రీడ్లు, 30 శాతం రైట్లు అనుకుందాం. రెయిడ్ 6లో (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక) ఒక చిన్న రైట్‌కి వెనకాల ఆరు ఐఓలు (డిస్కు మీద రీడ్, రైట్ పనులు) నడుస్తాయి: మూడు చదవడానికి, మూడు రాయడానికి. అంటే 0.7 + 0.3 × 6 = 2.5. దాంతో భాగిస్తే మిగిలేది 1,344. అవే డిస్కులు ప్రతి రైట్‌నీ రెండు చోట్ల రాసే రెయిడ్ 10లో పెడితే భాగించేది 0.7 + 0.3 × 2 = 1.3తోనే, దాదాపు 2,585 వస్తుంది. ఇలాంటి అర్రే మీద ఫియో 40,000 చూపిస్తే సంబరపడొద్దు, డిస్కుల దాకా పని వెళ్లనే లేదు.

ఎందుకు వెళ్లదంటే, ఫియోలో డైరెక్ట్=1 (సర్వర్ ర్యామ్‌ని దాటేసి వెళ్లమనే సెట్టింగు) పెట్టకపోతే కొలిచేది సర్వర్ ర్యామ్‌నే. పైగా అది లేకుండా లిబ్‌ఏఐఓ (ఒకదాని కోసం ఆగకుండా ఐఓలు పంపే లినక్స్ పద్ధతి) వాడితే, ఒకేసారి 32 ఐఓలు పంపమని ఐఓడెప్త్ 32 అని రాసినా లినక్స్‌లో ఒకదాని తర్వాత ఒకటే వెళ్తుంది. కొత్త థిన్ లన్ (సర్వర్‌కి డిస్కులా కనిపించే, రాసినప్పుడే చోటు కేటాయించే అర్రే భాగం) మీద రీడ్ టెస్ట్ పెట్టడం ఇంకో ఉచ్చు: ఎప్పుడూ రాయని బ్లాకుకి అర్రే డిస్కు తాకకుండానే సున్నాలు తిప్పి ఇచ్చేస్తుంది. అందుకే ముందు లన్ మొత్తాన్ని 1 ఎంబీ బ్లాకులతో వరసగా నింపాలి. టెస్ట్ సైజు కంట్రోలర్ (అర్రేని నడిపే భాగం) క్యాష్‌కి నాలుగైదు రెట్లుండాలి. రైట్ టెస్ట్ కనీసం గంట నడవాలి. మొదట్లో రైట్లన్నీ క్యాష్ మింగేస్తుంది, అది నిండాక గ్రాఫ్ ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఆ తర్వాత నిలిచే అంకే మనకు కావాల్సింది.

క్యూ డెప్త్ (ఒకేసారి పంపే ఐఓల సంఖ్య) పెంచితే వేగం పెరుగుతుందన్న భ్రమ చాలామందిలో ఉంది. 1,344 దగ్గర ఆగిపోయిన అర్రేకి ఒకేసారి 64 ఐఓలు పంపితే సగటు ఆలస్యం 48 మిల్లీసెకన్లు. 128 పంపితే ఐఆప్స్ అంతే, ఆలస్యం 95. అందుకే 4, 8, 16, 32, 64 అంటూ పెంచుకుంటూ పోయి, ఆలస్యంలో 99వ పర్సెంటైల్ (నూటికి 99 ఐఓలు ఆ లోపే పూర్తయ్యే సమయం) ఎక్కడ ఎగబాకుతుందో చూస్తాం. అక్కడికి ముందు వచ్చిన ఐఆప్సే వాడుకోగలిగింది. సగటు చూసి సంతకం పెడితే నెలాఖరు జీతాల రన్ నాడు తెలిసొస్తుంది. రీడ్, రైట్ నిష్పత్తి, బ్లాక్ సైజు కూడా ఆ రోజు పాత అర్రే మీద తీసిన ఐఓస్టాట్ (డిస్కుల పని లెక్క చూపే లినక్స్ కమాండ్) నుంచే తీసుకోవాలి.

టెస్ట్ నడుస్తుండగానే ఒక డిస్కు పీకించాలి, డెమోకి వచ్చిన ఇంజనీరు మొహం ఎలా పెట్టినా సరే. 12 టీబీ డిస్కు సెకనుకు 100 ఎంబీతో రీబిల్డ్ అయితే (పోయిన డిస్కు డేటా కొత్తదానిలోకి తిరిగి చేరితే) 33 గంటలు పడుతుంది. అన్ని గంటలూ యూజర్లకు దక్కేది ఆ తగ్గిన వేగమే. ఒక కంట్రోలర్‌ని కూడా ఆపి చూడాలి. రెండూ 50 శాతం దాటి పనిచేస్తుంటే మిగిలిన ఒక్కటీ ఆ భారం మోయలేదు.

ఫియోతో పెద్ద భయం డేటా పోవడమే. మౌంట్ అయి ఉన్న డివైస్ మీద రాయమంటే ఆగుతుంది గానీ, డేటాబేస్ నేరుగా వాడుకునే, మౌంట్ చేయని రా డిస్కు పేరు పొరపాటున ఇస్తే ఒక్క మాట అడగకుండా తుడిచేస్తుంది. టెస్ట్ సర్వర్‌కి టెస్ట్ లన్‌లు తప్ప ఇంకేవీ కనిపించేలా జోన్ చేయకపోవడమే (స్టోరేజ్ నెట్‌వర్క్‌లో కలపకపోవడమే) మేలు. విండోస్ సర్వర్లే ఎక్కువున్న చోట ఇదే పని చేసే మైక్రోసాఫ్ట్ టూల్ డిస్క్‌స్పీడ్ సులువు.