జీపుకి ఇంజన్ మార్చాక వణుకు: గేర్‌బాక్స్ దించాలా, వెనకాల వెడ్జ్ పెట్టాలా?

విజయనగరంలో మా మావయ్య పాత జీపుకి ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ మార్పించాం. లాగుడు బాగా వచ్చింది. గజపతినగరం వరకూ అందరం సంబరపడ్డాం. ఆ తర్వాత రోడ్డు ఖాళీగా దొరికి స్పీడు 50 దాటేసరికి కాళ్ల కింద రేకు గుయ్యిమంది. క్లచ్ నొక్కి ఇంజన్‌ని వదిలేసినా అదే మోత. ఇంజన్ తిరుగుడుతో సంబంధం లేకుండా బండి స్పీడుతో పెరిగే మోత అంటే అనుమానించాల్సింది టైర్లని, గేర్‌బాక్స్ నుంచి వెనక ఆక్సిల్‌కి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని. టైర్లు ముందూ వెనకా మార్చి చూశాం, తేడా లేదు. ఇంజన్ ఎక్కించిన షెడ్డువాళ్లు షాఫ్ట్ బ్యాలెన్సింగ్ చేయించమన్నారు. చేయించాం, డబ్బు దండగ.

అసలు సంగతి సాలూరులో తెలిసింది. ఘాట్ ఎక్కి ఒడిశా వెళ్లే లారీల మధ్య జీవితం గడిపిన ముసలి మేస్త్రీ ఒకాయన కిందకి దూరి చూసి, "ఏటి బాబూ, గేర్‌బాక్సు తిన్నగా పెట్టీసి, వెనకాల హౌసింగు అలాగే ఒగ్గీసినారా?" అన్నాడు.

షాఫ్ట్‌కి రెండు చివర్లా ఉండే క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు, ఇటు వేగం నిలకడగా ఉన్నా అటు వేగం చుట్టుకి రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 3 డిగ్రీలైతే ఈ తేడా అటూ ఇటూ 0.14 శాతమే. 5 డిగ్రీలైతే 0.38. ముందు జాయింట్ చేసిన తప్పుని వెనక జాయింట్ సరిదిద్దాలి. అందుకు రెండింటి వంపూ సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు చివర్ల యోకులూ (క్రాస్‌ని పట్టుకునే ఫోర్కులు) ఒకే వరసలో ఉండాలి. మా యోకులు సరిగ్గానే ఉన్నాయి. డిగ్రీలు మాత్రం ఇలా ఉన్నాయి: గేర్‌బాక్స్ వెనక్కి 1 డిగ్రీ వాలు, షాఫ్ట్ 6, హౌసింగ్‌లోని (వెనక ఆక్సిల్ మధ్యలోని డబ్బాలో) పినియన్, అంటే షాఫ్ట్ తిప్పే గేరు, 4. అంటే ముందు జాయింట్ వంపు 5, వెనకది 2. పెద్దదాని వర్గంలోంచి చిన్నదాని వర్గం తీసేసి వర్గమూలం కడితే, 4.6 డిగ్రీలు వంగిన ఒంటి జాయింట్‌తో బండి నడిపినట్టే. గుయ్యిమనక ఏం చేస్తుంది?

కొలతలు ఫోన్‌లో లెవెల్ యాప్‌తోనే తీశాం. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. ఛాసీని జాకీ మీద లేపి ఆక్సిల్ వేలాడుతుండగా కొలిస్తే ఆ అంకెలు ఎందుకూ పనికిరావు.

ఇక దారులు. మొదటిది వెనక కమాను కట్టలకీ ఆక్సిల్‌కీ మధ్య వెడ్జ్ (ఒక అంచు మందంగా, ఒక అంచు పల్చగా ఉండే ముక్క) పెట్టి పినియన్ ముక్కు 3 డిగ్రీలు దించడం. షెడ్డువాళ్లకి ఇదే ఇష్టం. యూ బోల్టులు విప్పి బిగిస్తే పని అయిపోతుంది, వాళ్లు చేసిన వెల్డింగ్ జోలికి పోనక్కర్లేదు. అప్పుడు ముందు 5, వెనక 5. లెక్క కుదిరినట్టే ఉంటుంది, వణుకు చాలావరకు తగ్గుతుంది కూడా. కానీ మధ్యలో షాఫ్ట్ మాత్రం వేగం మారుతూనే తిరుగుతుంది, క్రాస్‌లు తొందరగా అరిగిపోతాయి. రోజూ నడిచే బండికి ఒక్కో జాయింట్ వంపు 3 డిగ్రీల లోపు ఉంటే మంచిది. అలాగని సున్నా చేయకూడదు. కనీసం అర డిగ్రీ లేకపోతే క్రాస్ లోపలి నీడిల్ బేరింగులు కదలక ఒకేచోట గుంటలు పడతాయి.

రెండోది గేర్‌బాక్స్ తోక దించడం. ఇంజన్ ముందు మౌంటింగ్ (ఛాసీ మీద కూర్చునే చోటు) నుంచి గేర్‌బాక్స్ మౌంటింగ్‌కి 900 మిల్లీమీటర్ల దూరం ఉంటే, 16 మిల్లీమీటర్లు దించితే 1 డిగ్రీ. మా షాఫ్ట్ కూడా దాదాపు అంతే పొడవు కాబట్టి దాని వాలు కూడా 1 డిగ్రీ తగ్గుతుంది. ఒక్క పనికి ముందు జాయింట్‌లో 2 డిగ్రీల లాభం! నాకు ఈ దారి నచ్చడానికి కారణం ఇదే. ఇబ్బందులూ ఉన్నాయి. కింద ఎత్తు తగ్గుతుంది, ఫ్యాన్ దాని చుట్టూ ఉండే ష్రౌడ్‌కి తగలొచ్చు, సైలెన్సర్ పైపు, గేర్ రాడ్ మళ్లీ సర్దుకోవాలి. పైగా దించుకుంటూ పోతే వెనక జాయింట్ సున్నాకి వచ్చేస్తుంది. 32 మిల్లీమీటర్లు దించితే మాకు ముందు 1, వెనక 0 అయ్యేది.

అందుకే మేం రెండూ కలిపాం. గేర్‌బాక్స్ 16 మిల్లీమీటర్లు దించాం, వెనక 2 డిగ్రీల వెడ్జ్‌తో పినియన్ ముక్కు దించాం. ముందు 3, వెనక 3. ముక్కు దిగినందుకు షాఫ్ట్ వాలు కాస్త పెరిగి రెండూ ఒక అర డిగ్రీ పెరిగాయి, సమానంగానే. కమాను కట్టల బండిలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది. కాబట్టి వెనక వంపు ఒక డిగ్రీ ఎక్కువున్నా పర్లేదు, తక్కువ ఉండకూడదు.

వెడ్జ్ కొనేటప్పుడు ఇనుపదే తీసుకోండి. అల్యూమినియంవి బరువుకి నలిగి పగులుతాయి. వెడ్జ్ మందం వల్ల, కట్టల సెంటర్ బోల్టు తల ఆక్సిల్ సీటు రంధ్రంలో పూర్తిగా కూర్చోకపోవచ్చు. పొడవైన బోల్టు వేయించాలి. మేం మొదట వెడ్జ్‌ని తిరగేసి పెట్టాం. మందపు అంచు ఎటు ఉండాలో మావయ్య ఒకటి చెప్పాడు, నేనొకటి విన్నాను.

డబుల్ కార్డన్ జాయింట్ మూడో దారి. గేర్‌బాక్స్ వైపు రెండు క్రాస్‌లు పక్కపక్కనే ఉండి ఒకదాని తప్పుని ఒకటి అక్కడే దిద్దుకుంటాయి. అది వేస్తే పినియన్‌ని నేరుగా షాఫ్ట్ వైపు చూసేలా తిప్పాలి, రెండు వంపులూ సమానమన్న లెక్క పనికిరాదు. కట్టలు బాగా ఎత్తించి, షాఫ్ట్ పొట్టిగా ఉన్న బండికి అదే మేలు. మామూలు ఎత్తు జీపుకి ఖర్చు ఎక్కువ. పినియన్ ముక్కు మరీ లేస్తే ముందు బేరింగ్‌కి ఆయిల్ అందదన్న టెన్షన్ వేరే. సెంటర్ బేరింగ్ పెట్టి రెండు ముక్కల షాఫ్ట్ వేయడం లారీలకే సరి, పొట్టి జీపులో చోటెక్కడిది?

ఒకటే మేలు అనమంటే నా ఓటు గేర్‌బాక్స్‌కే, మిగిలిన తేడాకి చిన్న వెడ్జ్. మా బండి ఇప్పుడు 70లో కూడా గుయ్యిమనడం లేదు. మీరింకా ఇంజన్ ఎక్కిస్తూనే ఉంటే మౌంటింగులకి ఇప్పటికి చుక్క వెల్డింగే పెట్టించండి. షాఫ్ట్ బిగించి, బండిని నాలుగు చక్రాల మీదా దించి, డిగ్రీలు చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్. మాకు గ్రైండర్‌తో కోయించడానికే ఒక పూట పట్టింది.