నైట్రేట్ తొలగించే ఎలక్ట్రోడయాలిసిస్ యంత్రం: ఏడాది వాడాక

మా బోరు నీటిలో నైట్రేట్, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లీటరుకు 50 మిల్లీగ్రాముల పరిమితిని దాటిందని పరీక్షలో తేలాక, విద్యుత్తుతో శుద్ధి చేసే రెండు రకాల యంత్రాలను ఒకదాని తరువాత ఒకటి వాడి చూశాను. నైట్రేట్‌కు రంగు, వాసన ఉండవు. నీటిని కాచితే అది పోదు సరికదా, కొంత నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

మొదటి యంత్రంలో తొట్టిలో ముంచిన లోహపు పలకలకు కరెంటు ఇస్తే, ఋణధ్రువం దగ్గర నైట్రేట్ నైట్రోజన్ వాయువుగా మారి గాలిలో కలిసిపోతుందని చెప్పారు. నైట్రేట్ తగ్గిన మాట నిజమే. కానీ నీటిలో ముంచి చూసే పరీక్ష పట్టీ మీద నైట్రైట్ గడి గులాబీ రంగుకు తిరిగింది, తొట్టి మూత తీస్తే అమ్మోనియా ఘాటు తగిలింది. నైట్రేట్ వాయువు కావాలంటే ముందు నైట్రైట్ అనే మెట్టు దాటాలి. దాటాక కూడా అది నైట్రోజన్ అవుతుందా, అమ్మోనియా అవుతుందా అన్నది పలక లోహం, కరెంటు మోతాదు, నీటి క్షారగుణం మీద ఆధారపడి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నైట్రైట్‌కు పెట్టిన హద్దు లీటరుకు 3 మిల్లీగ్రాములే కాగా, 50 మిల్లీగ్రాముల నైట్రేట్‌లో పదో వంతు ఆ మెట్టు దగ్గరే ఆగిపోయినా 3.7 మిల్లీగ్రాముల నైట్రైట్ తయారవుతుంది. పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలబడటానికి అసలు కారణం ఈ నైట్రైటే కనుక, శరీరంలో బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చే పనిని మేము కరెంటు ఖర్చు పెట్టి తొట్టిలోనే చేయించుకున్నట్టయింది! ఉప్పు కలిపితే ధనధ్రువం దగ్గర పుట్టే క్లోరిన్ అమ్మోనియాను నైట్రోజన్‌గా మారుస్తుందని అమ్మినవారు చెప్పింది శాస్త్రీయంగా సరైనదే, కానీ తాగే నీటిలో ఉప్పునూ క్లోరిన్ ఉపఉత్పత్తులనూ పెంచుకోవడం నాకు నచ్చలేదు.

రెండోదైన ఎలక్ట్రోడయాలిసిస్ యంత్రం నైట్రేట్‌ను మార్చదు, పక్కకు లాగుతుంది. డీసీ కరెంటు ప్రభావంతో నైట్రేట్ వంటి ఋణ అయాన్లు ఒక రకం పొర గుండా, ధన అయాన్లు మరో రకం పొర గుండా వెళ్లిపోగా, మధ్యలో శుభ్రమైన నీరు మిగులుతుంది. ధ్రువాలు గంటకు కొన్నిసార్లు తారుమారవుతూ ఉండటం వల్ల పొరల మీద సున్నపు గార పెద్దగా కట్టలేదు. ఏడాదిలో నైట్రైట్ గడి ఒక్కసారీ రంగు మారలేదు. సూక్ష్మజీవులను మాత్రం ఇది ఆపదు. యూవీ దీపం విడిగా పెట్టుకోవాలి.

లోపాలు రెండు. యంత్రానికి టీడీఎస్ మీటరే ఇచ్చారు. అది మొత్తం లవణాలను చూపుతుందే తప్ప అందులో నైట్రేట్ ఎంతో చెప్పదు, అందుకే నెలనెలా పట్టీతో చూసుకుంటున్నాను. రెండోది పెద్దది: లాగిన నైట్రేట్ అంతా యంత్రం బయటకు వదిలే రిజెక్ట్ నీటిలో చేరుతుంది, బిగించినవారేమో ఆ గొట్టాన్ని బోరు పక్క మట్టిలోకే వదిలి వెళ్లారు. దాన్ని మురుగు లైనుకు మేమే మళ్లించుకోవాల్సి వచ్చింది.