గాల్వేనా, కార్కా? డబ్లిన్ నుంచి వీకెండ్‌కి ఏది మేలు

డబ్లిన్‌లో చదువుకోవడానికి మనవాళ్ల సెప్టెంబర్ బ్యాచ్ దిగి నెల తిరగ్గానే ఈ ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, ఐదుగురం ఉన్నాం. శని, ఆదివారాలు ఎవరికీ షిఫ్టుల్లేవు. ఎటు పోదాం?" అడిగేవాళ్లలో చాలామంది మనసులో గాల్వే ముందే ఫిక్స్ అయిపోయి ఉంటుంది. నా నోటితో ఒకసారి అనిపించుకుని టికెట్లు బుక్ చేద్దామని అడుగుతారు. నేను కార్క్ అంటాను. అక్కడినుంచి వాదన.

ముందుగా వీకెండ్ జాబితాలోంచి తీసేయాల్సిన ఊళ్లు కొన్ని ఉన్నాయి. మొదటిది బెల్‌ఫాస్ట్. డబ్లిన్ కనోలీ స్టేషన్‌లో రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో దిగిపోతారు. దారిలో గేటూ లేదు, చెక్‌పోస్టూ లేదు. అందుకే "ఏం కాదులే, మా రూమ్మేట్ వెళ్లొచ్చాడు" అనేవాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. కానీ బెల్‌ఫాస్ట్ యూకేలో ఉంది. ఐర్లాండ్, బ్రిటన్ పౌరులు అటూ ఇటూ తిరగడానికి ఉన్న వెసులుబాటు మన ఐఆర్‌పీ కార్డుకి, అంటే ఐర్లాండ్‌లో ఉండటానికి ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్‌కి, వర్తించదు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద యూకే వీసా ఉండాల్సిందే. బోర్డర్ దగ్గర గార్డా (ఐరిష్ పోలీసు) వాళ్లు బస్సెక్కి కార్డులు అడిగిన సందర్భాలు లేకపోలేదు. రేపు స్టాంప్ 1జీకి (చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే అనుమతి), ఎల్లుండి వర్క్ పర్మిట్‌కి అప్లై చేయాల్సిన వాళ్లం. టైటానిక్ మ్యూజియం కోసం అంత రిస్క్ దేనికి? ఎడిన్‌బరాకీ ఇదే లెక్క.

పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ అంటారా, ఐర్లాండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో) లేదు. 90 యూరోల ఫీజు కట్టి, అపాయింట్‌మెంట్ దొరికేదాకా సైట్ రిఫ్రెష్ చేస్తూ కూర్చుని, ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు ఫైల్ ఇవ్వాలి. అంత పడితే సెమిస్టర్ బ్రేక్‌లో వారం పది రోజులు తిరిగి రావాలి కానీ రెండు రోజులకి గిట్టుబాటు కాదు.

కిల్కెనీ బాగుంటుంది, కోట కూడా చూడదగ్గదే, కానీ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. లిమరిక్ దారిలో తగిలితే దిగండి. కిల్లార్నీ ఊరి కోసం కాదు, అడవి కోసం, సరస్సుల కోసం వెళ్లాల్సిన చోటు. దానికి రెండు రోజులు చాలవు.

ఇక మిగిలినవి గాల్వే, కార్క్. ప్రయాణంలో రెండూ ఇంచుమించు సమానమే. రెండింటికీ రైలు డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచే, రెండూ సుమారు రెండున్నర గంటలు. బస్సయితే కార్క్‌కి కాస్త ఎక్కువ పడుతుంది. బస్సు, రైలు టికెట్లలో రాయితీ ఇచ్చే స్టూడెంట్ లీప్ కార్డు లేకపోతే ముందు అది తీసుకోండి. రైలు టికెట్ స్టేషన్‌కి వెళ్లి కొనేకంటే ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే బాగా తగ్గుతుంది. కారు అద్దెకి తీసుకుందామనే ఆలోచన మానుకోండి. పాతికేళ్ల లోపు వాళ్లకి ఇచ్చేదే తక్కువ, ఇచ్చినా ఇన్సూరెన్స్ పేరుతో గుంజే డబ్బుకి ఇంకో ట్రిప్పు వేయొచ్చు. అంటే కాళ్లూ, బస్సూ, రైలూ. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

మొదటి రోజు గాల్వేదే, అందులో నాకు పేచీ లేదు. బస్సు దిగినా రైలు దిగినా ఊరి నడిబొడ్డున ఉన్న ఎయిర్ స్క్వేర్ పక్కనే. అక్కడినుంచి షాప్ స్ట్రీట్‌లోకి మలుపు తిరిగితే అడుగడుక్కీ ఒకరు గిటారో ఫిడేలో పట్టుకుని వాయిస్తుంటారు. సెయింట్ నికోలస్ చర్చి పక్క సందులో శనివారం సంత ఉంటుంది. ఆ చర్చికి కొలంబస్ వచ్చాడని ఊళ్లోవాళ్లు చెప్పుకుంటారు. 1584లో కట్టిన స్పానిష్ ఆర్చ్ దగ్గర నది ఒడ్డున కూర్చుని, అలాగే నడుచుకుంటూ సాల్ట్‌హిల్ చేరితే సముద్రం. ప్రామెనేడ్ చివర ఉన్న గోడని కాలితో తన్ని వెనక్కి తిరగడం అక్కడి ఆనవాయితీ. బ్లాక్‌రాక్ దగ్గర ఎత్తు నుంచి సముద్రంలోకి దూకే జనాన్ని చూస్తే మనకి చలేస్తుంది. రాత్రయితే పబ్బుల్లో ఐరిష్ సంగీతం. తాగని వాళ్లు ఒక కోక్ పట్టుకుని మూడు గంటలు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. సరదా సాయంత్రం ఒక్కటే కావాలంటే కార్క్ దీనికి సాటి రాదు.

కానీ వీకెండ్ అంటే రెండు రోజులు కదా. నా దృష్టిలో ఏ ఊరు మేలో తేల్చేది ఆదివారమే. శనివారం ఎక్కడికెళ్లినా బాగుంటుంది. కొత్త ఊరు, కొత్త ఊపు. ఆదివారం పొద్దున పదింటికి హాస్టల్ వాడు బయటికి పొమ్మన్నాక, ఒకడికి నిద్ర చాలక, ఇంకొకడి షూ తడిసి, కిటికీ బయట వాన పడుతున్నప్పుడు ఆ ఊళ్లో ఏం చేయగలరు? అదీ చూడాల్సింది.

గాల్వేలో ఊరు శనివారంతోనే అయిపోతుంది. ఆదివారానికి ఊరు దాటాలి. క్లిఫ్స్ ఆఫ్ మోహర్, లేకపోతే ఆరన్ దీవులు. రెండూ అద్భుతమే, కాదనను. 214 మీటర్ల ఎత్తు కొండ అంచు నుంచి అట్లాంటిక్‌ని చూడటం ఒక అనుభవం. ఆ దీవుల్లో పెద్దదైన ఇనిష్ మోర్‌లో సైకిల్ అద్దెకి తీసుకుని రాతి గోడల మధ్య తొక్కుకుంటూ పోవడం ఇంకో అనుభవం. చిక్కు వాతావరణంతో. మబ్బు దిగిందంటే క్లిఫ్స్ దగ్గర తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు. గాలి ఎక్కువైతే రోసవీల్ రేవు నుంచి దీవులకి వెళ్లే ఫెర్రీ ఆగిపోవచ్చు. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. పైగా ఖర్చు. ఫెర్రీ అయినా టూర్ బస్సు అయినా మనిషికి 30 యూరోల దగ్గర మొదలవుతుంది. వారానికి 20 గంటల పనితో వచ్చే జీతంలో అది చిన్న మొత్తం కాదు. క్లిఫ్స్‌కి ప్రభుత్వ బస్సు సంస్థ బస్ ఎయిరన్ వాళ్ల 350 నంబర్ బస్సు ఉంది, చవకే, కానీ ఊరూరా ఆగుతూ పోతుంది. ఆదివారం రాత్రికి డబ్లిన్ చేరాల్సిన వాళ్లకి టెన్షన్.

అసలు సంగతి ఇంకోటి ఉంది. క్లిఫ్స్‌కి డబ్లిన్ నుంచే రోజూ టూర్ బస్సులు వెళ్తాయి. పొద్దున ఏడింటికి ఎక్కితే రాత్రికి దింపేస్తారు. చాలా బస్సులు గాల్వేలో కూడా గంటో గంటన్నరో ఆపుతాయి. బస్సులో ఎక్కువసేపు కూర్చోవాలి, నిజమే. కానీ వాతావరణం చూసుకుని, ఎండ కాస్తుందన్న రోజుకి రెండు రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. మూడు వారాల ముందే హాస్టల్ బుక్ చేసుకుని గాల్వే వెళ్లినవాళ్లకి ఆ సౌకర్యం లేదు. ఏ వాన రాసిపెట్టి ఉంటే ఆ వానలోనే క్లిఫ్స్ చూడాలి.

కార్క్‌లో ఆదివారం ఇలా ఉండదు. కార్క్ కెంట్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే 25 నిమిషాల్లో కోవ్ (Cobh) అనే రేవు ఊరు. స్పెల్లింగ్ చూసి కోబ్ అనుకునేరు. రానూపోనూ పది యూరోల లోపే. నీళ్ల పక్కనే వెళ్లే ఆ రైలు ప్రయాణమే సగం సరదా. దిగగానే ఎదురుగా హార్బర్, వెనక కొండ వాలు మీద రంగురంగుల ఇళ్లు బొమ్మల కొలువు పేర్చినట్టు మెట్లు మెట్లుగా, అన్నిటికంటే పైన సెయింట్ కోల్మన్ కెథెడ్రల్. టైటానిక్ ఆఖరిసారి ఆగిన రేవు ఇదే, 1912 ఏప్రిల్ 11న. అప్పట్లో ఊరి పేరు క్వీన్స్‌టౌన్. టికెట్లు అమ్మిన వైట్ స్టార్ లైన్ ఆఫీసు ఇప్పుడు మ్యూజియం. స్టేషన్ పక్కనే ఉన్న హెరిటేజ్ సెంటర్‌లో వలస వెళ్లిన వాళ్ల కథలు చూడొచ్చు. బయట ఆనీ మూర్ అనే అమ్మాయి విగ్రహం, ఇద్దరు తమ్ముళ్లతో. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ఐలండ్ తెరిచినప్పుడు మొదట లోపలికి అడుగుపెట్టింది తనే. వాన పడితే మ్యూజియం, కెథెడ్రల్, కాఫీ షాప్. వాన ఆగితే కొండెక్కి ఫోటోలు. ఏదైనా రోజు మాత్రం వృథా కాదు, విసుగేస్తే తర్వాతి రైలుకి వెనక్కి వచ్చేయొచ్చు. ఐదుగురిలో ఇద్దరికి నిద్రే కావాలంటే వాళ్లు కార్క్‌లోనే ఉండిపోయినా గొడవ లేదు. గుంపుగా వెళ్లినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఫెర్రీకి ముందే డబ్బు కట్టాక ఒకడు లేవకపోతే మిగతా నలుగురి మొహాలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

శనివారం మాత్రం ఇంగ్లిష్ మార్కెట్ తప్పకుండా చూడండి. ఆదివారం మూసేస్తారు. 1788 నుంచి ఉన్న బజారు. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ చీజ్, రొట్టెలు, ఐస్ మీద పరిచిన చేపలు. ఒక కొట్టులో బోటీ, దాని పక్కనే డ్రిషీన్ అని రక్తంతో చేసే సాసేజ్ ఉంటాయి. మాతో వచ్చిన వరంగల్ కుర్రాడు అద్దానికి మొహం ఆనించి చూసి, "అరే, ఇది మన నల్లే కదా" అని ఎగిరి గంతేశాడు (మేక రక్తంతో చేసే వేపుడుని నల్ల అంటారు). కానీ శనివారం నీచు తినడు. మర్నాడు మార్కెట్ ఉండదు. వాడి బాధ చూడలేకపోయాం.

అక్కడినుంచి నది దాటి ఏటవాలు వీధులెక్కితే షాండన్ అనే పేట. సెయింట్ ఆన్ చర్చి గంటల గోపురంలో, పైకెక్కే దారిలోనే, గంటల తాళ్లు వరసగా బిగించి ఉంటాయి. ఒక్కో తాడుకి ఒక్కో నంబర్. పక్కన అట్టల మీద పాటలు, కానీ నోట్స్ కాదు, అంకెలు. ఆ అంకెల వరసలో తాళ్లు లాగుతూ పోతే పైన నిజం గంటలు మోగుతాయి, ఊరంతా వింటుంది. మనం తప్పు తాడు లాగినా ఊరంతా వింటుంది! ఆ తర్వాత చెవులకి అడ్డం పెట్టుకుని ఇరుకు మెట్లెక్కితే పైనుంచి ఊరు మొత్తం కనపడుతుంది. టికెట్ ఖర్చు కొంచెమే. బ్లార్నీ కోటకి మాత్రం టికెట్ ఎక్కువ, అక్కడి పేరుమోసిన బ్లార్నీ రాయిని ముద్దు పెట్టుకోవడానికి క్యూ ఇంకా ఎక్కువ. తోటలు బాగుంటాయి, తీరిక ఉంటే 215 బస్సెక్కి వెళ్లండి.

మనవాళ్లలో సగం మంది కంప్యూటర్ సైన్సో డేటా అనలిటిక్సో చదువుతున్నారు కాబట్టి ఇంకో మాట. యూనివర్సిటీ కాలేజ్ కార్క్ క్యాంపస్‌లో తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇంటర్ నుంచి మనల్ని వెంటాడుతున్న బూలియన్ ఆల్జీబ్రా కనిపెట్టిన జార్జ్ బూల్ ఇక్కడే 1849లో మొదటి గణిత ప్రొఫెసర్‌గా చేరాడు. 1864లో జోరు వానలో కాలేజీకి నడిచొచ్చి, తడి బట్టలతోనే క్లాసు చెప్పి, జ్వరం తగిలి పోయాడు. ఆయన భార్య మేరీ ఎవరో కాదు, మన దేశాన్ని సర్వే చేసిన ఎవరెస్ట్ దొర తమ్ముడి కూతురు. బూల్ సంగతి విన్నాకైనా గొడుగు ఇంట్లో వదిలేసి మంచి రెయిన్‌కోట్ కొనుక్కోండి. ఇక్కడి గాలికి గొడుగు వెనక్కి తిరగడం తప్ప చేసేదేమీ ఉండదు.

తిండి విషయంలో పెద్ద తేడా లేదు. ఎక్కడికెళ్లినా కిచెన్ ఉన్న హాస్టల్ చూసుకోండి. పులిహోర కలుపుకుని వెళ్తే మొదటి పూట గడిచిపోతుంది, రాత్రికి పాస్తా.

గాల్వే ఎవరికి అంటే, మే, జూన్ నెలల్లో వెళ్లేవాళ్లకి. రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది, సముద్రం శాంతంగా ఉండే అవకాశం ఎక్కువ, ఆరన్ దీవుల్లో సైకిల్ తొక్కడానికి అంతకంటే మంచి కాలం లేదు. సోమవారం కూడా సెలవు దొరికితే మరీ మేలు. ఆదివారం వాన పడినా సోమవారం చేతిలో ఉంటుంది. సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు ఎప్పుడైనా వెళ్లొచ్చు. మిగతా అందరికీ, ముఖ్యంగా అక్టోబర్ నుంచి మార్చి మధ్యలో అడిగేవాళ్లకి, నా జవాబు కార్కే.

రెండు వీకెండ్లకి మాత్రం ఇది వర్తించదు. అక్టోబర్ చివరి సోమవారం బ్యాంక్ హాలిడే, ఆ శని, ఆదివారాల్లో కార్క్‌లో జాజ్ ఫెస్టివల్. బెడ్ దొరకదు, దొరికినా రేటు చూస్తే గుండె ఆగుతుంది. అప్పుడు గాల్వే వెళ్లండి. జూలై చివర్లో గాల్వే గుర్రప్పందేల వారం, అప్పుడు కళ్లు మూసుకుని కార్క్ రైలెక్కేయండి.