ఎస్టెస్ పార్క్‌లో క్రిస్మస్: క్యాబిన్ కొంప ముంచింది

ముందే చెప్పేస్తున్నా, ఇది మేం అద్దెకి తీసుకున్న క్యాబిన్ మీద కడుపుమంటతో రాస్తున్నది. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌కి వంక పెట్టడానికేమీ లేదు.

2024 క్రిస్మస్ సెలవులకి నేను, మా ఆవిడ, పదేళ్ల పాప, బావమరిది, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు డెన్వర్‌లో దిగి, కారు అద్దెకి తీసుకుని, ఆ నేషనల్ పార్క్ పక్కనే ఉన్న ఎస్టెస్ పార్క్ అనే ఊరికి వెళ్లాం. రోడ్డు బాగుంది, రెండు గంటల్లో చేరిపోయాం.

క్యాబిన్ రాత్రికి 189 డాలర్లు అని చూసి బుక్ చేశాను. మూడు రాత్రులకి 567 కదా అనుకుంటాం. క్లీనింగ్ ఫీజు 145, సర్వీస్ ఫీజు 92, పన్నులు, అన్నీ కలిపి 883 అయింది. పండగ సీజన్ కదా అని సర్దుకున్నాను. తీరా వెళ్తే లోపల 58 ఫారెన్‌హీట్ (దాదాపు 14 సెల్సియస్), హీటర్ ఎంత పెంచినా అంతకు మించి ఎక్కదు. ఓనర్‌కి మెసేజ్ పెడితే నలభై నిమిషాలకి జవాబొచ్చింది, కొండల్లో ఇళ్లు ఇలాగే ఉంటాయి, బీరువాలో దుప్పట్లున్నాయి అని. ఉన్నవి రెండు. అందులో ఒకదాని నిండా కుక్క వెంట్రుకలు. ఫొటోలో భగభగా మండిన ఫైర్‌ప్లేస్‌కి కట్టెలు మనమే కొనుక్కోవాలట, కట్ట 12 డాలర్లు. మా అత్తగారు మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా మీద నా జాకెట్ వేసుకుని సోఫాలో ముడుచుకుని, "డబ్బిచ్చి మరీ చలి కొనుక్కున్నారా బాబూ?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

పైగా అన్నం ఉడకలేదు. ఆ ఊరు 7,500 అడుగుల ఎత్తున ఉంది, నీళ్లు దాదాపు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, గిన్నెలో ఎంతసేపు పెట్టినా పలుకే. మొహమాటపడకుండా కుక్కర్ పట్టుకెళ్లండి.

ఇక స్నోషూలు (మెత్తటి మంచులో దిగబడకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి చట్రాలు) అద్దెకిచ్చే షాపు కుర్రాడి గురించి చెప్పాలి. నాలుగు జతలు అడిగితే, ఎక్కడికి వెళ్తున్నారన్నాడు. బేర్ లేక్ నుంచి ఎమరాల్డ్ లేక్‌కి అన్నాను. ఆ దారి జనం తొక్కీ తొక్కీ గట్టిపడింది, స్నోషూలు దండగ, జారకుండా బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు, అదే మైక్రోస్పైక్స్, చాలన్నాడు. స్నోషూలు జత 15 డాలర్లు, స్పైక్స్ 8. 60 రావాల్సిన చోట 32 చాలనుకున్న మనిషి! నిజంగానే మొత్తం దారి స్పైక్స్‌తోనే కరకరలాడుతూ నడిచాం.

మేం వెళ్లినప్పుడు పార్కుకి కారు పాస్ ఒక్క రోజుది 30 డాలర్లు, ఏడు రోజులది 35. రెండోదే తీసుకోండి. బేర్ లేక్ దగ్గరే 9,475 అడుగులు, అక్కడి నుంచి నింఫ్ లేక్, డ్రీమ్ లేక్ మీదుగా ఎమరాల్డ్ లేక్ 10,110 అడుగులు, రానూపోనూ సుమారు మూడున్నర మైళ్లు. దూరం చిన్నదే కానీ ఊపిరి అందదు. మా బావమరిది ముందురోజే హ్యూస్టన్ నుంచి వచ్చాడు, అంటే సముద్రమట్టం నుంచి సరాసరి ఇక్కడికి. డ్రీమ్ లేక్ దగ్గర తలనొప్పి మొదలై, ఎవరేం మాట్లాడినా కసురుకోవడం మొదలెట్టాడు. వెనక్కి పంపేశాం. ఎత్తుకి అలవాటు పడేదాకా మొదటిరోజు ఊళ్లోనే తిరగాల్సింది, తప్పు మాదే.

డ్రీమ్ లేక్ మీద మంచుని గాలి ఊడ్చేసి అద్దంలాంటి ఐసుగడ్డ మిగిల్చింది. ఎమరాల్డ్ లేక్ ఒడ్డున హాలెట్ పీక్ నీడలో పులిహోర డబ్బా తీస్తే మెతుకులు మెతుకులకి అతుక్కుని ఒకే ముద్దగా లేచింది, వేరుశనగపప్పుని గోటితో గీరి తీశాం. అంత రుచైన పులిహోర నేను పెళ్లిళ్లలో కూడా తినలేదు. మా ఆవిడ వీపున మోసిన నీళ్ల సంచి గొట్టం అప్పటికే గడ్డకట్టింది. మామూలు సీసా తీసుకెళ్లి తలకిందులుగా పెట్టుకోండి, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర తడిగానే ఉంటాయి. సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి ముసురుకుంటుంది, ఎనిమిదింటికే బయల్దేరండి. పైకి వెళ్లే ముందు, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం గురించి చెప్పే కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ వాళ్ల హెచ్చరిక చూసుకోవడం మాత్రం మానొద్దు.

మర్నాడు రాత్రి మంచు బాగా పడింది. పొద్దున్నే షాపుకెళ్తే అదే కుర్రాడు నవ్వి, ఇవాళ స్నోషూలు తీసుకోండన్నాడు. మూడు జతలు, 45. బీర్‌స్టాట్ లేక్ వైపు చెట్లలో మా అడుగులు తప్ప ఏవీ లేవు. మోకాళ్ల దాకా దిగబడాల్సిన కాలు చీలమండ దాకానే దిగుతుంటే పాప ఆనందం చెప్పనక్కర్లేదు, ఫొటో కోసం వెనక్కి అడుగేసి వెల్లకిలా పడే దాకా. స్నోషూలతో వెనక్కి నడవకూడదు, వాటి వెనక కొస మంచులో దిగబడిపోతుంది.

దిగొచ్చాక క్లీనింగ్ ఫీజులో కొంతైనా ఇవ్వమని ఓనర్‌ని మూడుసార్లు అడిగాను. జనవరి మొదటి వారంలో జవాబొచ్చింది: దుప్పట్లో కుక్క వెంట్రుకలు కనబడ్డాయి, పెట్ ఫీజు 50 డాలర్లు మీరే కట్టాలని. మాకు కుక్కే లేదు.