ఎన్ఏడీ నుంచి ఎండాడ దాకా ‘ఫ్రమ్ జీరో’: ఏడాది పైగా విన్నాక

అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ ఆల్బమ్ ‘ఫ్రమ్ జీరో’ నిడివి దాదాపు 32 నిమిషాలు. విశాఖలో పొద్దున తొమ్మిదికి ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కుతూ మొదలుపెడితే, హనుమంతవాక సిగ్నల్ మరీ సతాయించకపోతే, ఎండాడ దగ్గర రుషికొండ వైపు తిరిగేసరికి ఆఖరి పాట అయిపోతుంది. 2024 నవంబర్‌లో వచ్చినప్పటి నుంచి వారానికి రెండుసార్లైనా ఈ దారిలో దీన్నే వింటున్నాను. మొదటి వారంలో రాసుంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది. చదువుకుని ఇప్పుడు సిగ్గుపడేవాణ్ణి కూడా.

నేను 2003లో ఇంజినీరింగ్ రెండో ఏడు. జగదాంబ దగ్గర ఒక చిన్న షాపులో నూట ఇరవై పాటల ఎంపీత్రీ సీడీ రాయించుకున్నాం. అందులో లింకిన్ పార్క్ పేరుతో ఉన్న పాటల్లో సగం వేరే బ్యాండ్లవని ఉద్యోగంలో చేరాక గానీ తెలీలేదు! రాప్, మెటల్ గిటార్, కీబోర్డు, డీజే జో హాన్ తిప్పే డిస్కుల గీకుడు (స్క్రాచింగ్), అన్నీ ఒకే పాటలో ఎలా ఇముడుతున్నాయో మాకు అంతుపట్టేది కాదు. ఇంగ్లిషు ముక్కలు సగమే అర్థమయ్యేవి. గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ అరుపు మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. సప్లీలు రాసినవాడికి ఇంకా బాగా అర్థమయ్యేది.

2017 జులై 20న చెస్టర్ పోయాడు. 41 ఏళ్లు. ఆ తర్వాత ఏడేళ్లు బ్యాండ్ కొత్త ఆల్బమ్ జోలికి పోలేదు. 2024 సెప్టెంబర్‌లో డెడ్ సారా బ్యాండ్ గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని, డ్రమ్స్ మీదకి కోలిన్ బ్రిటన్‌ని తీసుకుని తిరిగొచ్చారు. ఆ రోజు మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో పనిచేసినవాడు లేడు. స్టీల్ ప్లాంట్‌లో ఉన్నవాడు బి షిఫ్ట్‌కి వెళ్తూ మరీ పెట్టాడు: “చెస్టర్ లేకుండా ఏటి పార్క్‌రా? పేరు మార్చుకోమను.” డల్లాస్‌లో ఉన్నవాడికి ఎమిలీ గొంతు తెగ నచ్చేసింది. మూడోవాడు ఎటూ తేల్చకుండా పాత పాటల లింకులు పెడుతూ కూర్చున్నాడు. అది కూడా ఒక అభిప్రాయమేననుకోండి.

పేరు సంగతి స్టీల్ ప్లాంట్ వాడికి నేనే చెప్పాను. మొదటి ఆల్బమ్ హైబ్రిడ్ థియరీకి ముందు, చెస్టర్ రాకముందు, ఈ బ్యాండ్ మొదటి పేరు ‘జీరో’నే, కాకపోతే ఎక్స్ అక్షరంతో రాసేవారు. అంటే ఈ ఆల్బమ్‌కి పేరు పెట్టేటప్పుడే చెస్టర్ ముందటి రోజులకు వెళ్లారు. వాడు ఒప్పుకోలేదు. “అయితే ఆ పాత పేరే పెట్టుకోవచ్చుగా” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

‘ది ఎంప్టీనెస్ మెషిన్’ మొదటిసారి కారులోనే విన్నాను. మొదటి చరణం, పల్లవి బ్యాండ్‌లో మొదట్నుంచీ రాప్ చేసే మైక్ షినోడా ఒక్కడే పాడతాడు. ‘సరే, ఇక వీడే లాక్కొస్తాడన్నమాట’ అనుకుంటుండగా రెండో చరణంలో ఎమిలీ అందుకుంటుంది. గీరుకుపోయిన గొంతు, అంచు దగ్గర కాస్త చిరిగినట్టు ఉంటుంది. సత్యం జంక్షన్‌లో వెనకవాడు హారన్ కొట్టేదాకా గ్రీన్ పడిన సంగతి చూసుకోలేదు. తెలివైన ఎత్తు అది. పాత అభిమానిని అలవాటైన గొంతుతో లోపల కూర్చోబెట్టి, ఆ తర్వాత కొత్త మనిషిని పరిచయం చేశారు.

కానీ ఏడాది విన్నాక ఈ పాటనే నేను ఎక్కువ దాటేస్తున్నాను. ‘టూ ఫేస్డ్’ కూడా అంతే. ఆ గిటార్, ఆ స్క్రాచింగ్ వినగానే ఇరవై ఏళ్లు వెనక్కి పోతాం, మొదటి నెల ఒళ్లు పులకరించింది. ఆరో నెలకి ‘ఇది నాకు తెలిసిన పాటేగా’ అనిపించింది. స్టీల్ ప్లాంట్ వాడి మాటల్లో పాత చింతకాయ పచ్చడి. వాడంత కఠినంగా అనను, పాత చింతకాయ పచ్చడి నాకిష్టమే. కాకపోతే రోజూ అదే వడ్డిస్తే మనసు పోదు.

నిలబడినవి వేరే. ‘క్యాజువాలిటీ’ మొదట్లో గోల అనిపించి ఆపేసేవాణ్ణి. పంక్ వేగం, ఎమిలీతో పాటు మైక్ కూడా గొంతు చించుకుంటాడు. ఈ మనిషి ఇలా అరవగలడని ఇన్నేళ్లలో నాకు తెలీదు. పాత ఆల్బమ్‌లలో దీనికి జోడీ వెతికినా దొరకదు, బహుశా అందుకే పాతబడలేదు. ఆఖరిది ‘గుడ్ థింగ్స్ గో’ జూపార్కు దాటాక వస్తుంది, అక్కడ రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది కాబట్టి నాకు నచ్చిందో, నిజంగానే మంచి పాటో విడదీసి చెప్పలేను. ఇందులో ఎవరినీ గుర్తుచేయాలనే ఆరాటం ఎమిలీకి లేదు. ‘ఓవర్ ఈచ్ అదర్’, ‘స్టెయిన్డ్’ మటుకు రేడియో కోసం చేసిన సరుకు, వాటి మీద ఇంకో వాక్యం దండగ.

చిన్నదైపోయిందని చాలామంది గొణిగారు. హైబ్రిడ్ థియరీ, దాని తర్వాతి ఆల్బమ్ మెటియోరా కూడా నలభై నిమిషాలు లేవు, అప్పుడెవరూ గడియారం చూసుకోలేదు. నాకున్న అసలు ఫిర్యాదు మిక్సింగ్ మీద. శబ్దాలన్నీ ఒకే ఎత్తున బిగించేశారు. కారులో బాగానే ఉంటుంది, రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే నాలుగో పాటకే చెవులు అలిసిపోతాయి. నెమ్మదిగా నడిచే ‘ఓవర్‌ఫ్లో’ దగ్గరే కాస్త ఊపిరి అందుతుంది. 2025 మే నెలలో డీలక్స్ అంటూ మరో మూడు పాటలు కలిపారు. వాటిలో ‘అన్‌షాటర్’ ఒక్కటి ఉంచుకున్నాను.

మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడికి ‘హెవీ ఈజ్ ద క్రౌన్’ లింకిన్ పార్క్ పాట కాదు, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్ పాట. ఆ గేమ్ 2024 ప్రపంచ పోటీలకి అదే గీతం. అందులో ఎమిలీ ఊపిరి తీసుకోకుండా దాదాపు పదిహేను సెకన్లు అరిచే చోటు వాడికి ప్రాణం. నేను ఊరుకోలేక 2007 నాటి ‘గివెన్ అప్’ పెట్టి, చెస్టర్ 17 సెకన్ల అరుపు వినిపించాను. వాడు శ్రద్ధగా విని, “ఈయన కూడా బాగా పాడాడు నాన్నా” అన్నాడు. ఆ ‘కూడా’ రెండు రోజులు గుచ్చుకుంది. తర్వాత చూస్తే వాడి ఫోన్లో హైబ్రిడ్ థియరీ మొత్తం ఉంది, వరసగా వింటున్నాడు. వాడు ఎమిలీ దగ్గర్నుంచి చెస్టర్ దగ్గరికి నడిచి వెళ్తున్నాడు. మేమంతా అటునుంచి ఇటు రాలేక కొట్టుకుంటున్నాం.

2025 ఆగస్టులో ముంబైలో జరిగే లొల్లాపలూజా సంగీతోత్సవం జాబితాలో వీళ్ల పేరు బయటికొచ్చింది, 2026 జనవరిలో అని. గ్రూపులో ఆ లింకు మొదట పెట్టింది స్టీల్ ప్లాంట్ వాడే. కింద ఇంకో మెసేజ్: “ఎల్టీటీ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులున్నాయేటో చూడరా.” పేరు మార్చుకోమన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. జనవరి బుకింగ్ ఇంకా తెరవలేదురా అని మాత్రం చెప్పాను.