లిమిట్ నిండాక గాలం తీసేయాలా, పట్టి వదులుతూ కూర్చోవాలా?

ఫిబ్రవరి చివర్లో వైట్ బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి ఏరుల్లోకి ఎక్కడం మొదలయ్యాక, డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల నుంచి నాకు ఒకటే ఫోను. "అన్నా, పాతికా అయిపోయాయి. టైము ఇంకా పదకొండే. గాలం వేస్తూ ఉండొచ్చా, సర్దుకుని వెళ్లిపోవాలా?" మొన్న ఒకే వారంలో నలుగురు అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా.

రూలు సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. టెక్సస్‌లో లిమిట్ అనేది మీరు ఒక రోజులో ఉంచుకున్న చేపల లెక్క, వైట్ బాస్‌కి అది పాతిక. పట్టిన వెంటనే నీళ్లలోకి వదిలేసింది అందులోకి రాదు. కాబట్టి మామూలుగా అయితే పాతిక తర్వాత కూడా గాలం వేసుకోవచ్చు, దొరికింది దొరికినట్టు వదిలేస్తే చాలు. ఇరవై ఆరోది మాత్రం "కాసేపు ఉంచి చూద్దాం" అని బకెట్‌లో వేయకూడదు. రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. రాత్రిపూట క్యాట్‌ఫిష్‌కి కూర్చునేవాళ్లకు పన్నెండు దాటితే కొత్త లెక్క మొదలవుతుంది గానీ, దగ్గర ఉండే మొత్తం రోజు లిమిట్‌కి రెండింతలు మించకూడదు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నాకు అసలు తేడా కనిపించేది వేరేచోట. మీరు వదిలిన చేప బతుకుతుందా లేదా? అది తేలితే ఆపాలో వద్దో కూడా తేలిపోతుంది.

ఇది నాకు ఒక జూలైలో తెలిసింది. పొద్దున్నే వైట్ బాస్ గుంపులు గుంపులుగా పైకి లేచి చిన్న షాడ్ చేపల్ని తరుముతున్నాయి. వేసిన ప్రతిసారీ పడుతోంది. గంటన్నరలో పాతిక నిండాయి. ఆ ఊపులో ఎవరు లేస్తారు? పట్టడం, కొక్కెం తీయడం, వదలడం. ఇంకో ముప్పై అయినా పట్టి ఉంటాను. ఎంత మంచివాడినో అనుకుంటూ పడవ తిప్పేసరికి వెనకాల నీళ్ల మీద తెల్లగా పొట్టలు తేలుతున్నాయి. నేను వదిలినవే. లెక్కపెట్టాలనిపించలేదు. కాగితం మీద నా లిమిట్ పాతికే. చెరువుకు పోయింది ఎంతో చెరువుకే తెలియాలి.

ఎండాకాలంలో మన దగ్గర చెరువు పైనీళ్లు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేస్తాయి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. గాలానికి పడి పెనుగులాడిన చేప ఆయాసం తీర్చుకోవడానికి ఆ మాత్రం గాలి కూడా ఉండదు. వైట్ బాస్, స్ట్రైపర్ (చారల బాస్) ఈ విషయంలో మరీ సుకుమారం. టెక్సోమా చెరువులో వేసవిలో స్ట్రైపర్‌కి వెళ్లేవాళ్లకు నా మాట ఒక్కటే: లిమిట్ అయిందా, గాలం చుట్టేయండి. చేతిలోంచి చక్కగా ఈదుకుంటూ వెళ్లింది కదా అంటారు. కాస్త దూరం వెళ్లి చచ్చిపోయేవీ ఉంటాయి.

రెండోది లోతు. బాగా లోతులోంచి లాగిన క్రాపీ చేప పైకొచ్చేసరికి లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. కళ్లు పొడుచుకొస్తాయి, వదిలితే కిందికి దిగలేక పైనే తేలుతుంది. లేక్ ఫోర్క్, లేక్ ఓ ద పైన్స్ అనే టెక్సస్ చెరువుల్లో డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా రూలు తిరగేసి పెట్టింది అందుకే. క్రాపీకి మామూలుగా ఉండే కనీసం 10 అంగుళాల కొలత అప్పుడు ఉండదు, పట్టిన ప్రతిదీ ఉంచుకోవాల్సిందే. అంటే అక్కడ 25 అయ్యాక క్రాపీ కోసం గాలం వేయడానికి దారే లేదు. 'వదిలేస్తే పుణ్యం' అనే మాట అన్నిచోట్లా చెల్లదు. ఏ చెరువుకు వెళ్తున్నా ఆ ఏడాది రూల్స్ ఒకసారి చూసుకోండి, మారుతుంటాయి.

క్యాట్‌ఫిష్ కథ వేరు. దాని గాలితిత్తికి గొంతులోకి దారి ఉంటుంది, పైకొస్తూ గాలి వదిలేసుకోగలదు. బాస్‌కీ క్రాపీకీ ఆ దారి ఉండదు. పైగా సర్కిల్ హుక్ (కొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం) వాడితే ఎక్కువగా మూతి మూలనే పడుతుంది. చల్లటి రోజుల్లో, ఒడ్డు మీది నుంచి, సర్కిల్ హుక్‌తో అయితే లిమిట్ తర్వాత కూడా మొహమాటం లేకుండా కూర్చోండి. వానపాము గుచ్చి మామూలు కొక్కెం వేసి, రాడ్ స్టాండుకి పెట్టి కబుర్లలో పడితే మాత్రం చేప కొక్కేన్ని కడుపులోకి మింగేస్తుంది. అప్పుడు పీకకండి, దారం నోటి దగ్గర కత్తిరించి వదిలేయండి. పీకిన దానికంటే దానికే బతికే అవకాశం ఎక్కువ.

ఈ విషయంలో ఐర్లండ్ వాళ్ల పద్ధతి నాకు భలే నచ్చింది. అక్కడ సాల్మన్ లిమిట్ అయ్యాక పట్టి వదలడానికి అభ్యంతరం లేదు, కానీ సరంజామా మార్చాలి. వెనక్కి తిరిగిన ముల్లు లేని కొక్కెమే వాడాలి, అదీ ఒంటిది లేదా జంటది. వానపాము ఎర పనికిరాదు. ఆపేయమనీ అనరు, నీ ఇష్టమనీ వదిలేయరు. మన దగ్గర అలా అడిగేవాళ్లు లేరు కాబట్టి నేనే ప్లైయర్స్‌తో ముల్లు నొక్కేస్తున్నా. చేపలు కాసిని ఎక్కువ జారిపోతాయి. ఎలాగూ వదిలేసేవే కదా!

ఇక మిగతా దారులు. ఐస్‌బాక్స్‌లో చిన్నవి తీసి పెద్దవి పెట్టుకోవడం: టోర్నమెంట్ల వాళ్లు లైవ్‌వెల్‌లో (చేపల్ని బతికించి ఉంచే పడవలోని నీళ్ల తొట్టిలో) బతికున్న బాస్‌తో చేస్తారు, ఐస్ మీద చచ్చిన చేపతో కాదు. టెక్సోమాలో స్ట్రైపర్‌కు అసలు కుదరదు, లైవ్‌వెల్‌లో పడ్డాక అది మీ లెక్కే. చేప మార్చడం: కామన్ కార్ప్‌కి మామూలుగా లిమిట్టే లేదు, ముళ్లతో వేగగలిగితే మీ ఇష్టం. పిల్లాడి లిమిట్: పదిహేడేళ్లలోపు వాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు, వాళ్ల లిమిట్ వాళ్లకుంటుంది. కానీ పట్టాల్సింది పిల్లాడే. వాడు టాబ్ చూసుకుంటుంటే నాన్న వాడి పేరున పట్టడం ఎక్కడా లేదు.

వైట్ బాస్ గురించి అడిగిన నలుగురికీ నేను చెప్పింది ఇదీ: ఫిబ్రవరి, మార్చిలో ఏట్లో నీళ్లు చల్లగా ఉంటాయి, లోతు ఉండదు, జిగ్ (బరువు తల ఉన్న కొక్కెం ఎర) పెదవికే పడుతుంది. ఉండండి, ముల్లు నొక్కేసి పట్టి వదలండి. జూన్ తర్వాత ఫోన్ చేస్తే ఇంటికి రమ్మంటాను.

నేనైతే ఈసారి చలిలోనే పద్దెనిమిది దగ్గర ఆపేశా. పాతిక బాగుచేసేసరికి రాత్రి పదవుతుంది, ఆ వాసనకి మా ఆవిడ రెండు రోజులు వంటింట్లోకి రాదు. ఫ్రీజర్‌లో నిరుటి ప్యాకెట్లు రెండు ఇంకా అలాగే ఉన్నాయి.