సరస్సు అంచున మొదటి వరుస పిచ్: కారవాన్‌తో వెళ్లేవాళ్లకు అది నిజంగా పనికొస్తుందా?

నీళ్లకు ఆనుకుని ఉండే మొదటి వరుస పిచ్‌లకు (టెంట్ లేదా బండి నిలుపుకోవడానికి కేటాయించే చోట్లకు) చాలా క్యాంప్‌సైట్లు అద్దె ఎక్కువ అడుగుతాయి. బుకింగ్ తెరవగానే ముందు నిండిపోయేవీ అవే. టెంట్ వేసుకునేవాళ్లకు ఆ అదనం గిట్టుబాటే. నేల నచ్చకపోతే నాలుగు మేకులు పీకి పది అడుగులు పక్కకు జరుగుతారు. కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది, టన్నున్నర బరువును రెండు చక్రాల మీద మోసే కారవాన్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. దిమ్మిస కొట్టి గట్టిపరిచిన కంకర నేల అయితే మొదటి వరుసకు పదికి ఎనిమిది మార్కులు. ఉత్త గడ్డి నేల అయితే నాలుగు దాటవు. కాస్త ఎత్తున ఉండి, నీళ్లు కనిపించే రెండో వరుస పిచ్‌కు ఎప్పుడైనా ఎనిమిదిన్నర ఇస్తాం.

ఇంత తేడా ఎందుకంటే, ముందుగా చూడాల్సింది నేల. సరస్సు అంచున మట్టి సాధారణంగా సన్నటి ఒండ్రు. భూగర్భ జలం కూడా సరస్సు నీటి మట్టానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి పైన ఎండిన పొర కనిపించినా కింద తడి వదలదు. పైగా టైరు నేలను నొక్కే ఒత్తిడి సుమారుగా ఆ టైరులో గాలి పీడనమంత ఉంటుంది. చాలా కార్ల టైర్లలో అది 32 నుంచి 36 పీఎస్ఐ అయితే, కారవాన్ టైర్లలో 45 నుంచి 60 దాకా ఉంటుంది. కారు హాయిగా తిరిగిన చోటే కారవాన్ కూరుకుపోవడానికి కారణం ఇదే. పిచ్ మీదికి బండి ఎక్కించే ముందు దిగి, చక్రాలు ఆగే చోట మడమతో గట్టిగా తొక్కి చూడండి. నీరు ఊరితే ఆ చోటు వద్దు. టెంట్ మేకును చేత్తో నొక్కితేనే పూర్తిగా దిగిపోయినా వద్దు. అలాంటి నేల చక్రాన్ని మోయదు, ఆనింగ్ (కారవాన్ పక్కన పరిచే గుడ్డ పందిరి) తాళ్లనూ పట్టి ఉంచదు.

కూరుకుపోవడం కన్నా బయటికి లాగడం పెద్ద తలనొప్పి. ఒడ్డు పిచ్ నుంచి దారి దాదాపు ఎప్పుడూ ఎగువకే. ముందు చక్రాలతో నడిచే కారు అయితే, హిచ్ (కారవాన్‌ను కారుకు తగిలించే ముందు కొస) మీద పడే బరువు కారు వెనక భాగాన్ని కిందికి నొక్కి ముందు చక్రాల మీది భారాన్ని తగ్గిస్తుంది. పట్టు ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే తగ్గుతుందన్నమాట. తడి గడ్డి మీద చక్రం ఒక్కసారి గిర్రున తిరిగితే గడ్డి చెక్కుకుపోయి కింద జారుడు మట్టి బయటపడుతుంది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా గొయ్యి లోతవడమే. కాబట్టి రెండో గేర్‌లో, మెల్లగా, స్టీరింగ్ తిన్నగా ఉంచి కదలాలి. చక్రాల ముందు వేసే రెండు గ్రిప్ మ్యాట్లు ప్రతి కారవాన్‌లోనూ ఉండి తీరాలి.

అందుకే కారవాన్‌ను హిచ్ దారివైపు ఉండేలా నిలపమని చెబుతాం. రివర్స్ చేయకుండా తిన్నగా లాక్కెళ్లిపోవచ్చు. కానీ చాలా కారవాన్లలో కూర్చునే సోఫాలు, పెద్ద కిటికీలు హిచ్ వైపే ఉంటాయి. హిచ్ దారివైపు తిప్పితే, మొదటి వరుసకు కట్టిన అదనపు అద్దెకు బాత్రూమ్ కిటికీలోంచి సరస్సును చూడాలి. ఈ సంగతి బుకింగ్ పేజీలేవీ చెప్పవు. సోఫాలు వెనక ఉన్న కారవాన్‌కు ఈ ఇబ్బంది లేదు. మోటార్ మూవర్ (కారు లేకుండానే కారవాన్ చక్రాలను తిప్పే మోటారు) ఉన్నవాళ్లు నిలిపాక తిప్పుకోవచ్చు గానీ, దాని రోలర్లు తడి టైరు మీద జారతాయి, మెత్తని నేలలో మోటారు మీద భారం పెరిగి బ్యాటరీని పీల్చేస్తుంది. నేల ఆరి ఉన్న పగటిపూటే ఆ పని పెట్టుకోండి.

మట్టం సరిచేయడం ఇక్కడ మామూలు కన్నా కష్టం, ఎందుకంటే ఒడ్డు వాలుగా ఉంటుంది. చక్రాల మధ్య దూరం 2 మీటర్లనుకుంటే, ఒక డిగ్రీ వాలుకు 3.5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. సాధారణ ర్యాంపు 10 సెంటీమీటర్ల దాకా ఎత్తుతుంది, అంటే మూడు డిగ్రీల లోపు వాలునే సరిచేయగలదు. అంతకు మించిన వాలున్న పిచ్‌ను ఒప్పుకోకండి. ముందు పక్కల మట్టం, అదీ హిచ్ విప్పకముందే, పల్లపు వైపు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, హిచ్ విప్పి, దాని దగ్గరుండే చిన్న చక్రం జాకీ వీల్‌తో ముందు వెనకల మట్టం. జాకీ వీల్ సన్నటిది, దాని మీద వంద కిలోల దాకా భారం ఉంటుంది, కాబట్టి కింద పలక వేయకపోతే తెల్లారేసరికి ముందు భాగం కిందికి దిగుతుంది. మూలల కాళ్లు ఊగకుండా ఆపడానికే, బరువెత్తడానికి కాదు. వాటితో కారవాన్‌ను లేపితే ఛాసిస్ మెలి తిరిగి తలుపు పట్టేస్తుంది. వాటి కిందా అడుగు వెడల్పు చెక్క పలకలు వేయండి. గ్యాస్, కరెంటు రెండింటితోనూ నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్‌కు మట్టం ప్రాణం. ఒరిగితే లోపలి అమ్మోనియా ద్రావణం తిరగడం ఆగి చల్లదనం పడిపోతుంది.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్ద సరస్సుల దగ్గర పగలు నేల త్వరగా వేడెక్కి గాలి నీటి మీంచి ఒడ్డుకు వీస్తుంది, రాత్రి నేల త్వరగా చల్లారి దిశ తిరగబడుతుంది. నీటి మీద గాలికి అడ్డేమీ లేదు కాబట్టి మొదటి వరుసను అది పూర్తి బలంతో తాకుతుంది. నీళ్లవైపు తెరిచిన ఆనింగ్‌కు ఓ మాదిరి గాలి కూడా ఎక్కువే. రాత్రి పడుకునే ముందు, కారవాన్ వదిలి వెళ్లే ముందు చుట్టేయండి. వానలో ఆనింగ్ ఒక కాలు కిందికి దించి నీరు జారిపోయేలా చూడండి. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉన్న గుడ్డ మీద 10 మిల్లీమీటర్ల వాన నిలిస్తే 75 కిలోల నీరు, దాని చేతులు వంగడానికి అది చాలు.

ఏ ఒడ్డు తీసుకోవాలో కూడా గాలే చెబుతుంది. ఆ కాలంలో గాలి ఎటునుంచి ఎక్కువగా వీస్తుందో వాతావరణ మ్యాపులో చూడండి. గాలి నీటి మీదుగా వచ్చి తగిలే ఒడ్డుకు అలలు, చెత్త, తేలే నాచు అన్నీ కొట్టుకొస్తాయి. ఎండాకాలంలో నీలి ఆకుపచ్చ నాచు తెట్టు కట్టేదీ ఆ ఒడ్డునే. పెయింట్ పారబోసినట్టు పచ్చటి తెట్టు కనిపిస్తే పిల్లల్ని, కుక్కల్ని నీళ్లలోకి దింపకూడదు. ఆ విషాలు నీళ్లు మరిగించినా పోవు. ఎదురు ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది గానీ, గాలి ఆడని రెల్లు పొదల దగ్గర దోమలు ఎక్కువ. మా ఓటు ప్రశాంతమైన ఒడ్డుకే. కాకపోతే పొదలకు దూరంగా, కిటికీలకు తెరలు సరిగ్గా ఉంటేనే. బయటి దీపాలు తెల్లనివి కాకుండా పసుపు రంగువైతే పురుగులు తక్కువ వస్తాయి.

కరెంటు విషయంలో మొదటి వరుసకు ఇంకో లోటు, ప్లగ్ పెట్టుకునే స్తంభం దూరం కావడం. కారవాన్‌తో వచ్చే కేబుల్ సాధారణంగా 25 మీటర్లు. అది చాలదని ఇంటి ఎక్స్‌టెన్షన్ తీగ కలపకండి. మిగిలిన తీగను రీలు మీదే ఉంచి ఎక్కువ లోడు లాగితే చుట్ట వేడెక్కి కరుగుతుంది, కాబట్టి మొత్తం విప్పి నేల మీద వదులుగా పరచాలి. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1380 వాట్లు, 10 అంటే 2300, 16 అంటే 3680. ఇంట్లో వాడే 2000 వాట్ల కెటిల్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల స్తంభం దగ్గర పెడితే బ్రేకర్ పడిపోవచ్చు. 800 వాట్ల చిన్న కెటిల్, దాంతోపాటు ఫ్రిజ్ అయితే నడుస్తాయి. అప్పుడు నీళ్ల హీటర్‌ను గ్యాస్ మీద పెట్టుకోవాలి. కలిపేటప్పుడు ముందు కారవాన్ చివర, తర్వాత స్తంభం. తీసేటప్పుడు ముందు స్తంభం. కలిపిన వెంటనే లోపలి ఆర్‌సీడీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్) పరీక్ష బటన్ నొక్కి చూడండి.

కరెంటు లేని ఒడ్డు పిచ్ ఎంచుకుంటే లెక్క బ్యాటరీది. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే సుమారు 600 వాట్ అవర్లు. అదే పరిమాణం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే వెయ్యి దాటుతుంది, బరువు సగానికన్నా తక్కువ. కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు. చలికాలంలో గ్యాస్ కూడా చూసుకోవాలి. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్‌కు ఆ బాధ లేదు. కారవాన్ అడుగున ఉండే గాలి రంధ్రాలను చలికి భయపడి మూయవద్దు. గ్యాస్ గాలికన్నా బరువైనది, లీకయితే బయటికి పోయే దారి అవే.

నీళ్ల పక్కనే ఉన్నా నీళ్లు మోసుకోవాల్సిందే. ఆక్వారోల్ లాంటి దొర్లించే ట్యాంకు నిండితే 40 కిలోలు. కొళాయి ఎగువన ఉంటే నిండు ట్యాంకు వాలులో మీ మీదికి దొర్లుతుంది, వాడిన నీటిని ఎగువకు లాగాలి. కారవాన్‌లోనే స్నానం చేసే ఇద్దరికి ఒక ట్యాంకు ఒక రోజుకు మించి రాదు. వాడిన నీటిని ఒడ్డున పారబోయడం మాత్రం ఎవరు చేసినా తప్పే. సబ్బు నీటిలోని పోషకాలే నాచును పెంచుతాయి. థెట్‌ఫోర్డ్ రకం టాయిలెట్ క్యాసెట్ (బయటికి తీసి ఖాళీ చేసే మలం డబ్బా) 17 నుంచి 20 లీటర్లు పడుతుంది, ఇద్దరికి రెండు మూడు రోజులు. సరస్సు పక్కన సెప్టిక్ ట్యాంకు ఉన్న చోట్ల క్యాసెట్‌లో పోయడానికి ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలి ద్రవం వాడకండి, ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియాను అది చంపేస్తుంది. అది లేని ఆకుపచ్చ ద్రవం తీసుకెళ్లండి.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగాల్సిన మొదటి మాట: అది సహజ సరస్సా, ఆనకట్ట జలాశయమా? జలాశయంలో మట్టం మారుతుంది. నిండుగా ఉన్నప్పుడు తీసిన ఫొటో చూసి వెళ్తే ఎదురుగా వంద మీటర్ల బురద కనిపించవచ్చు. వేర్వేరు నెలల ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలిసిపోతుంది. అక్కడికి వెళ్లాక ఒడ్డున ఎండిన చెత్త, పుల్లలు పేరుకున్న గీత, చెట్ల మొదళ్ల మీద బురద మరక వెతకండి. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అవే చెబుతాయి. ఆ గీతకన్నా నిలువుగా ఒక మీటరైనా ఎత్తున లేని పిచ్ ఎంత అందంగా ఉన్నా మేం తీసుకోం. రెండో మాట, పొడవు. కారవాన్ పొడవు చెప్పేటప్పుడు హిచ్ కొసదాకా చెప్పండి. గది పొడవు మాత్రమే చెబితే మీటరు పైగా తగ్గుతుంది, పిచ్‌లో పట్టదు. మూడోది, కారు కూడా పిచ్‌లోనే ఆగాలా, విడిగా పార్కింగ్ ఉందా అన్నది.

ప్రయాణం గురించి క్లుప్తంగానే. హిచ్ మీద భారం నిండిన కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, కారు టోబార్ (హిచ్ తగిలించే వెనక కడ్డీ) పరిమితి దాటకూడదు. బరువైన సామాన్లు ఇరుసు మీద, కింద పెట్టండి. సైకిళ్లు, పడవ వెనక కొసన కడితే కారవాన్ ఊగడం మొదలవుతుంది. అలా ఊగితే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి. చక్రాలు విప్పి బిగించి ఉంటే 50 కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూడాలి. నావిగేషన్ యాప్ కారు దారినే చూపిస్తుంది కాబట్టి సరస్సుకు దిగే చివరి ఐదు కిలోమీటర్లను ఉపగ్రహ చిత్రంలో ముందే చూడండి. సన్నటి దారి, వాలిన కొమ్మలు, ఎదురు బండి వస్తే తప్పుకునే చోటు ఉందా లేదా అన్నవి అందులో తెలుస్తాయి. సాయంత్రం నాలుగు లోపు చేరుకునేలా బయల్దేరండి, నేలను మడమతో పరీక్షించడానికి వెలుగు కావాలి.

వెళ్లే రోజుకు వాన సూచన ఉంటే, ముందురోజు సాయంత్రమే కారవాన్‌ను గడ్డి మీంచి గట్టి దారి పక్కకు మార్చుకోనిస్తారేమో రిసెప్షన్‌లో అడగండి. సీజన్ కాని రోజుల్లో చాలామంది ఒప్పుకుంటారు. ట్రాక్టరుతో లాగించడం కన్నా వాళ్లకూ అదే సుఖం.